సినిమాల్లో దూకే కొండ యాడుంది? – విశాఖ డాల్ఫిన్స్ నోస్ అసలు కథ

ఆదోని నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చినా. ఈసారి ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. ఎమ్మిగనూరు నుంచి ఇద్దరు పిల్లోళ్లు పంపినారు. డిగ్రీ అయిపోయింది, ఒక పరీక్ష రాసేదానికి వైజాగ్ పోతున్నారు. పరీక్ష తర్వాత ఒక రోజు ఖాళీ ఉందంట. వాళ్లు అడిగిన మాట ఇది: "అన్నా, సినిమాల్లో లవర్స్ దూకే కొండ ఉంటాది కదా సముద్రం పక్కన, అది వైజాగ్‌లో యాడుంది? ఆడికి పోయి ఒక రీల్ తీసుకోవాల."

మెసేజ్ విని ముందు నవ్వుకున్నా. రెండోసారి విన్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే వాళ్లకి ఆ కొండ పేరు తెలీదు, ఊరు సరిగ్గా తెలీదు, సినిమా పేరు కూడా గుర్తు లేదు. కానీ ఆ కొండ మీద ఏం జరుగుతుందో మాత్రం గట్టిగా తెలుసు. అంటే కొండకంటే ముందు కథ వచ్చి మన తలలో కూర్చుంది. ఈ రోజు ఆ కథ గురించే మాట్లాడుకుందాం. చివరికి ఆ పిల్లోళ్ల ప్రశ్నకు జవాబు కూడా చెప్తా.

మనకు సముద్రం తెరమీదే

మన పక్క సముద్రం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం... యాడ చూసినా నల్లరేగడి చేలు, పత్తి, మధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాతి గుండ్లు. మనకు నీళ్లంటే తుంగభద్ర, కాలువ, ట్యాంకరు. పనుల్లేనప్పుడు సుగ్గికి గుంటూరు పక్క మిరపకాయలు తెంపేదానికి పోతారు, బెంగుళూరు పోతారు. సముద్రం చూసేదానికని ఇంటిల్లిపాదీ బయలుదేరిన వాళ్లు మా వీధిలో చాలా తక్కువ.

మా అవ్వ సముద్రాన్ని మొదట చూసింది సినిమాలోనే. 'మరో చరిత్ర'. ఆదోనిలో చూసిందంట, ఎవరెవరితో పోయిందో, ఏ వరసలో కూర్చుందో కూడా చెప్పేది. చిన్నప్పుడు నేను "సముద్రం ఎట్లుంటాది అవ్వా?" అని అడిగితే అవ్వ చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. "తెల్లగా, నల్లగా ఉంటాది నాయనా. ప్రేమించినోళ్లు సచ్చిపోయేదానికి ఆడికి పోతారు" అనింది.

తెల్లగా, నల్లగా ఎందుకంటే అది బ్లాక్ అండ్ వైట్ సినిమా. రెండో మాటకు కారణం ఆ సినిమా ముగింపు. సముద్రం ఎప్పుడూ చూడని మనిషికి, సినిమా ఏ రంగులో చూపిస్తే సముద్రం ఆ రంగులో ఉంటుంది. ఏ పనికి వాడితే ఆ పనికే ఉంటుంది.

ఒక సినిమా, రెండు ఊర్లు

'మరో చరిత్ర' 1978లో వచ్చింది. దర్శకుడు కె. బాలచందర్. కమల్ హాసన్ హీరో, సరితకు అదే మొదటి సినిమా. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇండ్లు, రెండు ఇండ్లకీ పడదు. ఒక సంవత్సరం కలవకుండా, మాట్లాడుకోకుండా ఉంటే పెళ్లి చేస్తామని పెద్దోళ్లు షరతు పెడతారు. ఆ సంవత్సరం అయిపోతుందనగా ఇద్దరూ చనిపోతారు. సినిమాను విశాఖపట్నం, భీమునిపట్నం పక్క తీసినారు. మద్రాసులో కూడా డబ్బింగ్ లేకుండా తెలుగులోనే సంవత్సరానికి పైగా ఆడిందంటే దాని ఊపు ఎంతో చూడండి.

అదే కథని బాలచందర్ 1981లో హిందీలో తీసినాడు. 'ఏక్ దూజే కే లియే'. నిర్మాత మన ఎల్.వి. ప్రసాద్. కమల్ హాసన్‌కు హిందీలో మొదటి హిట్. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కూడా హిందీలోకి ఆ సినిమాతోనే పోయి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. ఈసారి కథ గోవాకి మారింది. కొండ అంచు, కింద సముద్రం, ప్రేమికులు దూకేయడం... దేశం మొత్తం గుర్తుపెట్టుకున్న సీను ఈ సినిమాదే. గోవాలో దోనా పౌలా అనే చోటికి టూరిస్టులు ఇప్పటికీ ఆ సినిమా పేరు చెప్పుకుంటూ పోతారు.

అంటే మన పిల్లోళ్ల తలలో ఉన్న కొండ ఒక కొండ కాదు. సగం వైజాగ్, సగం గోవా, మిగతాది తర్వాత వచ్చిన సినిమాలు, యూట్యూబ్ ముక్కలు, టీవీ సీరియళ్లు. అన్నీ కలిపి కుట్టిన బొంత అది.

ఇంకో సంగతి. దోనా పౌలాలో గైడ్లు ఒక కథ చెప్తారు. పూర్వం దోనా పౌలా అనే పోర్చుగీసు అమ్మాయి ఒక జాలరిని ప్రేమించిందని, పెళ్లికి ఒప్పుకోకపోతే ఈ కొండ మీద నుంచి దూకేసిందని. వినేదానికి బాగుంటాది. కానీ దోనా పౌలా అనే మనిషి నిజంగానే 17వ శతాబ్దంలో ఉన్నింది. పెళ్లయిన మనిషి, ఊరికి మేలు చేసిన మనిషిగా పేరుంది. ఆమె సమాధి రాయి అక్కడికి దగ్గర్లోనే, కాబో చర్చిలో ఉంది. బతికి నలుగురికి మంచి చేసిన ఆడమనిషిని మనం ఎట్లా గుర్తుపెట్టుకున్నాం? దూకిన అమ్మాయిగా! ఎందుకంటే పక్కన కొండ ఉంది కాబట్టి. కొండ అంచు కనిపిస్తే చాలు, జనాలకు ఒకటే కథ తోస్తుంది.

ఇది మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. గ్రీసు దేశంలో లూకాస్ అనే దీవిలో తెల్లటి కొండ ఉంది. శాఫో అనే గొప్ప కవయిత్రి ప్రేమ విఫలమై దాని మీద నుంచి దూకిందని రెండు వేల ఏండ్లుగా చెప్పుకుంటున్నారు. అది నిజమని పండితులు నమ్మరు. అయినా ఆమె కవిత్వం ఒక్క ముక్క చదవని వాళ్లు కూడా ఈ దూకిన కథ చెప్తారు. అమెరికాలో చూడండి, 'లవర్స్ లీప్' అనే పేరున్న కొండలు లెక్కలేనన్ని. మన దేశంలో ఏ హిల్ స్టేషన్‌కి పోయినా ఒక 'సూసైడ్ పాయింట్' ఉంటుంది. కొడైకెనాల్‌లో మాత్రం ఆ పేరు తీసేసి 'గ్రీన్ వ్యాలీ వ్యూ' అని పెట్టినారు. పేరు మారిస్తే ఏమొస్తుంది అంటారేమో. ఎందుకు మార్చినారో కాసేపట్లో చెప్తా.

కొండలు కూడా యాక్టింగ్ చేస్తాయి

ముందు ఒక చిన్న సంగతి అర్థం చేసుకుందాం. సినిమాలో కొండ ఎప్పుడూ తన పేరుతో కనిపించదు. అది కూడా నటుడే, వేషం వేస్తుంది.

ఐర్లాండ్ దేశంలో 'క్లిఫ్స్ ఆఫ్ మొహర్' అని సముద్రం పక్కన నిట్టనిలువు కొండలు ఉన్నాయి. 14 కిలోమీటర్ల పొడవు, ఎత్తైన చోట 214 మీటర్లు. 1987లో వచ్చిన 'ది ప్రిన్సెస్ బ్రైడ్' అనే సినిమాలో వాటికి 'పిచ్చి కొండలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. 2009లో 'హ్యారీ పాటర్ అండ్ ది హాఫ్ బ్లడ్ ప్రిన్స్'లో అవే కొండలు, హ్యారీ, డంబుల్‌డోర్ పోయే గుహ ఉన్న చోటుగా కనిపిస్తాయి. కొండ అదే. ఒక సినిమాలో కామెడీ, ఇంకో సినిమాలో భయం.

ఇంగ్లండ్‌లో బీచీ హెడ్ అని తెల్లటి సుద్ద కొండ ఉంది. 1979లో వచ్చిన 'క్వాడ్రోఫీనియా' సినిమా చివర్లో హీరో జిమ్మీ నడిపిన స్కూటర్ ఆ కొండ మీద నుంచి కింద పడి ముక్కలైపోతుంది. చాలామంది హీరో కూడా పడి చచ్చిపోయినాడనే అనుకున్నారు. సినిమా మొదటి సీను మళ్లీ పెట్టి చూడండి. జిమ్మీ ఆ కొండ అంచు నుంచి వెనక్కి తిరిగి నడిచి వస్తుంటాడు. స్కూటర్ మాత్రమే పోయింది, మనిషి పోలేదు. దర్శకుడు మొదట్లోనే చూపించినా, మనకు గుర్తుండేది పడిపోవడమే. వెనక్కి వచ్చిన మనిషిని మర్చిపోతాం. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తా.

కొండ దాకా ఎందుకు, మన కర్నూలునే తీసుకోండి. 2003లో 'ఒక్కడు' వచ్చింది. గుణశేఖర్ సినిమా. కొండారెడ్డి బురుజు దగ్గర మహేష్ బాబు, ప్రకాష్ రాజ్ సీను తెలుగోళ్లందరికీ కంఠతా వచ్చు. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చేసరికి ఆ బురుజుని రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్‌గా వేసినారు. అంటే బురుజు రాకపోయినా బురుజు వేషం వచ్చింది! అసలు బురుజు విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంనాటి కోటలో భాగం. ఆలంపూరు పక్క పాలకుడు కొండారెడ్డిని అందులో బంధించినారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్తారు. కానీ మనోళ్లు హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో హాస్టల్లో చేరి "మాది కర్నూలు జిల్లా" అంటే మొదటి ప్రశ్న ఏంది? "బాంబులున్నాయా బ్రో?" నన్నూ అడిగినారు. మా పక్క పత్తి మార్కెట్ ఉంది, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సొసైటీ ఉంది అని చెప్తే ఎవరూ వినరు. సుమోలు గాల్లోకి లేచినాయా లేదా, అదే కావాలి వాళ్లకి.

మన ఊరికి సినిమా చేసింది మనకు కోపం తెప్పిస్తుంది కదా. సముద్రం పక్కనున్న కొండకి కూడా సినిమా అదే చేసింది. దానికి నోరు లేదు కాబట్టి అడగలేదు.

డాల్ఫిన్స్ నోస్ నిజంగా ఏం చేస్తుంది

ఇప్పుడు వైజాగ్ పోదాం. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడి, కుడి చేతి పక్కకు, అంటే దక్షిణం పక్కకు చూడండి. సముద్రంలోకి మూతి చాపినట్టు ఒక పెద్ద కొండ కనపడుతుంది. డాల్ఫిన్ ముక్కులాగా ఉంటుందని దానికి 'డాల్ఫిన్స్ నోస్' అని పేరు. వెనక పక్కన యారాడ ఊరు, యారాడ బీచ్. కొండ మీద లైట్‌హౌస్ ఉంది. వైజాగ్ బీచ్‌లో తీసిన ఏ పాటలోనైనా కెమెరా దక్షిణానికి తిరిగితే ఫ్రేము చివర కూర్చొని ఉండేది ఈ కొండే. హీరో హీరోయిన్ల వెనక నలభై యాభై ఏండ్లుగా జూనియర్ ఆర్టిస్టు మాదిరి నిలబడింది. ఫోన్‌లో వెతికేటప్పుడు మాత్రం జాగ్రత్త. కూనూరులో ఒక డాల్ఫిన్స్ నోస్ ఉంది, కొడైకెనాల్‌లో ఇంకోటి ఉంది. రెండూ సముద్రానికి దూరంగా తమిళనాడు కొండల్లో ఉన్నాయి. మ్యాప్‌లో పక్కన విశాఖపట్నం అని కూడా కొట్టండి.

ఈ కొండ రాయి మన ఆదోని రాయిలాంటిది కాదు. మనది గ్రానైట్ రకం, భూమి లోపల కరిగి గడ్డకట్టింది. వాళ్లది ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. ఎప్పుడో కోట్ల ఏండ్ల కింద ఇసుకగా, బంకమన్నుగా పేరుకున్నదే, భూమి లోపలి వేడికి, ఒత్తిడికి రాయిగా మారిపోయింది. అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం ఉంటుంది. ఎండకి, వానకి అరిగే కొద్దీ రాయి ఎర్రబారి, పైన పొరలు వదులవుతాయి. ఈ ముక్క కూడా గుర్తుపెట్టుకోండి, రీల్ తీసేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు దక్షిణం పక్క నుంచి ఏటవాలుగా వచ్చి కొడతాయి. అట్లా కొట్టేటప్పుడు ఒడ్డు వెంబడి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. అందుకే ఈ తీరంలో ఓడలు ఆగేదానికి మంచి చోటు దొరకడం కష్టం. అలలు కొడతాయి, ఇసుక వచ్చి దారి పూడ్చేస్తుంది. విశాఖలో ఒక వాగు సముద్రంలో కలిసే చోటికి సరిగ్గా దక్షిణాన ఈ కొండ అడ్డంగా నిలబడింది. వచ్చే దెబ్బంతా అది కాస్తుంది. దాని చాటున నీళ్లు శాంతిగా ఉంటాయి.

ఆ చాటు చూసే అక్కడ ఓడరేవు కట్టినారు. ముఖద్వారం దగ్గర అలలు, ఇసుక రాకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్టగా వేసినారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ పోర్టు తెరిచినాడు. మధ్య రాష్ట్రాల నుంచి మాంగనీసు ఖనిజం ఎగుమతి చేసుకోవాలని తెల్లోళ్ల ఆలోచన. స్వాతంత్ర్యం వచ్చినాక 1948 మార్చిలో ఇక్కడి షిప్‌యార్డులోనే 'జలఉష' అనే ఓడని నెహ్రూ నీళ్లలోకి దింపినాడు. తూర్పు నౌకాదళం ఇక్కడే. ఇప్పుడు కూడా కొండకి దక్షిణం నుంచి వచ్చే ఇసుకని తవ్వి తీసి, ఉత్తరం పక్కన బీచ్ కోసుకుపోకుండా అక్కడ పోస్తుంటారు. అంటే ఆర్కే బీచ్‌లో మీ కాలికింద ఇసుకకి కూడా ఈ కొండతో లెక్క ఉంది.

1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ 'ఘాజీ' ఈ హార్బరు ముఖద్వారానికి దగ్గర్లోనే మునిగిపోయింది. దాంట్లో ఉన్నోళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఎట్లా మునిగిందనే దాని మీద మన దేశం ఒకటి చెప్తుంది, వాళ్లు ఒకటి చెప్తారు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ' సినిమా, రానా హీరో, ఈ సంగతి మీదే. ఆ సినిమాలో కథంతా నీళ్ల కింద, సబ్‌మెరైన్ లోపల నడుస్తుంది. బీచ్‌లో పెట్టిన ఐఎన్ఎస్ కురుసుర మ్యూజియం లోపలికి పోయి చూడండి, సబ్‌మెరైన్‌లో మనుషులు ఎంత ఇరుకులో బతుకుతారో తెలుస్తుంది. నా లెక్కలో ఈ తీరం గురించి దూకే కథ కాకుండా ఇంకో కథ చెప్పిన సినిమా అది.

ఇప్పుడు చెప్పండి. సినిమాలో సముద్రం పక్క కొండ అంటే మనిషి పడిపోయే చోటు. నిజంలో ఈ కొండ ఏంది? ఓడలు వచ్చి దాక్కునే చోటు. దాని మీదున్న దీపం "ఇట్లా రండి" అని పిలిచే దీపం కాదు, "ఇక్కడ రాయి ఉంది, చూసుకోని పోండి" అని రాత్రంతా చెప్పే దీపం. పడేసే కొండ కాదు అప్పా, కాపాడే కొండ.

ఒక ముగింపు ఎంత పని చేస్తుందంటే

'ఏక్ దూజే కే లియే' వచ్చినాక, ప్రేమ జంటలు అదే దారి పట్టినారని అప్పట్లో వార్తలు వచ్చినాయి. ముగింపు మార్చాలని దర్శక నిర్మాతల మీద ఒత్తిడి వచ్చింది. సుఖాంతంగా కూడా ప్రయత్నం చేసినారని, జనాలకు నచ్చక మళ్లీ పాత ముగింపే పెట్టినారని చెప్తారు.

సినిమా చూసి ఎవరైనా చనిపోతారా అని మీరు అడగొచ్చు. ఒక్క సినిమా వల్లే ఎవరూ చనిపోరు. అప్పటికే లోపల నలిగిపోతున్న మనిషికి, ఇదొక్కటే దారి, ఇది అందంగా కూడా ఉంది, అందరూ మన గురించి ఏడుస్తారు అని చూపిస్తే, అది తోసే చెయ్యి అవుతుంది. దీనికి 'వెర్తర్ ఎఫెక్ట్' అని పేరు. జర్మన్ రచయిత గెటే 1774లో రాసిన నవలలో హీరో పేరు వెర్తర్. ఆ నవల చదివి కుర్రోళ్లు అతన్ని అనుకరిస్తున్నారనే భయంతో కొన్నిచోట్ల దాన్ని నిషేధించినారు. రెండు వందల ఏండ్ల తర్వాత, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే పరిశోధకుడు ఈ ప్రభావానికి ఆ పేరు పెట్టినాడు. అందుకే 'సూసైడ్ పాయింట్' లాంటి పేరు తీసేయడం వట్టి బోర్డు మార్చడం కాదు. ఆ పేరే ఒక పిలుపు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమా వాళ్ల కోసమే దీని మీద సూచనల పుస్తకం కూడా వేసింది.

మంచి సంగతి ఏందంటే, దీనికి ఎదురు కూడా ఉంది. దాని పేరు 'పాపగేనో ఎఫెక్ట్'. మోజార్ట్ 1791లో కట్టిన 'మ్యాజిక్ ఫ్లూట్' అనే సంగీత నాటకంలో పాపగేనో అనే పిట్టలు పట్టేవాడు ప్రేమించిన పిల్ల దొరకదని చావబోతాడు. ముగ్గురు పిల్లోళ్లు వచ్చి "ఆగు, నీ దగ్గర గంటలు ఉన్నాయి కదా, వాయించు" అని గుర్తు చేస్తారు. వాయిస్తాడు, ఆ పిల్ల వస్తుంది. కష్టంలో నుంచి బయటికి వచ్చిన మనిషి కథ చూపిస్తే, చూసేవాళ్లకి అది ఊపిరి పోస్తుందని 2010లో పరిశోధకులు చెప్పినారు. జిమ్మీ గుర్తున్నాడా? స్కూటర్ పోయింది, మనిషి వెనక్కి నడిచి వచ్చినాడు. మనం షేర్ చేయాల్సింది ఆ నడక.

మీలో ఎవరికైనా, మీ ఫ్రెండ్‌కైనా అట్లాంటి ఆలోచన వస్తుంటే 14416 నంబరుకి కొట్టండి. టెలి మానస్ అని ప్రభుత్వం నడిపేది. పైసా ఖర్చు లేదు, పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు. ఫ్రెండ్ అట్లా మాట్లాడితే "ఊరికే అంటున్నాడులే" అని వదిలేయొద్దు. పక్కన కూర్చోండి. పాపగేనోని ఆపింది డాక్టర్లు కాదు, పిల్లోళ్లు.

ఇంక రీల్ సంగతి

ఎమ్మిగనూరు తమ్ముళ్లూ, ఇప్పుడు మీకు జవాబు. సినిమాల్లో దూకే కొండ ఎక్కడా లేదు. సినిమాలో అంచున నిలబడిన షాట్ ఒక చోట తీస్తారు, పడే షాట్ ఇంకో చోట, బొమ్మతోనో తాళ్లతోనో తీస్తారు. కింద అలలు ఇంకో రోజు. మూడూ ఎడిటింగ్‌లో అతికిస్తారు. మీరు పోయి నిలబడే చోట అతికింపు ఉండదు, తాడు ఉండదు.

ఇంకోటి, ఫోన్‌లో 0.5 పెట్టి తీస్తారు కదా, వైడ్ యాంగిల్. ఆ లెన్స్ దూరాలను సాగదీస్తుంది. మీ వెనక అంచు రెండడుగుల్లో ఉన్నా స్క్రీన్‌లో చాలా దూరంగా కనపడుతుంది. "ఇంకా చోటు ఉందిలే" అని ఒక్క అడుగు వెనక్కి వేస్తారు. పైగా ఆ రాయి ఎట్లాంటిదో చెప్పినా కదా, పైపొరలు వదులుగా ఉంటాయి. కిందనున్న రాళ్ల మీద పాచి ఉంటుంది. మన ఆదోని గుండ్లెక్కిన అలవాటుతో ఆ రాళ్లు ఎక్కొద్దు. యారాడ బీచ్ చూసేదానికి చాలా బాగుంటుంది, లోపలికి దిగి ఈత కొట్టే సముద్రం మాత్రం కాదది. మనం కాలువలో నేర్చుకున్న ఈత అక్కడ చెల్లదు. డాల్ఫిన్స్ నోస్ మీద చాలా భాగం నేవీ వాళ్ల చేతిలో ఉంది. లైట్‌హౌస్‌కి సందర్శకులను పంపే సమయం కనుక్కోని, గుర్తింపు కార్డు పెట్టుకోని పోండి. ఫోటో తీయొద్దన్న చోట తీయొద్దు.

రీల్ కావాలంటే సాయంత్రం బీచ్‌లో నిలబడి, కొండని వెనక పెట్టుకోని, లోపలికి పోతున్న ఓడని తీయండి. కొండ చాటుకి పోయేసరికి ఓడ ఎట్లా నిమ్మళంగా కదులుతుందో తీయండి. కింద నాలుగు మాటలు రాయండి. ఆ కొండ మీద ఇప్పటిదాకా వచ్చిన వీడియోల్లో అది కొత్తగా ఉంటుంది.

మొదటిసారి నేను వైజాగ్ పోయినప్పుడు గుంతకల్లులో రైలెక్కి, నిద్ర లేకుండా పోయి, బీచ్ నుంచి అవ్వకి వీడియో కాల్ చేసినా. సముద్రం చూసి అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీలంగా ఉందే!" అనింది. ఫోన్ కుడి పక్కకి తిప్పితే కొండ కనపడింది. "దూకేది దాని మీద నుంచేనా నాయనా?" అని అడిగింది. "కాదవ్వా, అలలు కొట్టకుండా ఓడలు దాని చాటున నిలబడతాయి" అన్నా.

అవ్వ కొంచేపు ఆలోచించి, "అయితే అది మన రణమండల కొండ మాదిరి. ఊరిని కాసే కొండ. ఆ సినిమావోళ్లు ఇది చెప్పలేదే" అనింది.

వాళ్లు చెప్పలేదు కాబట్టి ఈ రోజు నేను చెప్పినా. తమ్ముళ్లూ, పరీక్ష బాగా రాయండి. వచ్చినాక ఆ ఓడ వీడియో నాకు పంపండి. మిగతావాళ్లు మీ ఊరి కొండ గురించి సినిమా చెప్పని సంగతి ఏదైనా ఉంటే రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటా అప్పా.